బంతి గింజలకు మొలక పరీక్ష

పోయినేడాది పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు బంతిపూలు బజార్లో కొనుక్కొచ్చి ఎంగిలిపూల బతుకమ్మ పేర్చాల్సి వచ్చింది. వాకిట్లో చల్లిన గింజల్లో మొలిచినవి ఐదే ఐదు. అది తెలిసేసరికి మళ్లీ నారు పోసే అదను దాటిపోయింది. పెరట్లో పూసిన పువ్వు లేకుండా పేర్చిన ఆ బతుకమ్మను తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే ఈసారి ముందే పరీక్ష పెట్టాను. మా బాపు సోయా వేసే ముందు వంద గింజలు లెక్కపెట్టి, తడి గోనెసంచిలో వరుసగా పరిచి, చుట్టచుట్టి నీడన పెట్టేవాడు. డెబ్బై మొలిస్తేనే ఆ విత్తనం చేనుకు పోయేది. పూలకైనా అదే లెక్క కదా!

నా దగ్గర బంతి గింజలు రెండు రకాలుగా దాచినవి ఉన్నాయి. ఒకటి బాగా ఎండబెట్టి కాగితంలో పొట్లం కట్టింది. ఇంకోటి దసరా హడావిడిలో ఆరీ ఆరకముందే ప్లాస్టిక్ కవర్‌లో వేసి ముడేసింది. రెండింటి నుంచీ 25 చొప్పున తీశాను. బంతి వేర్లు సన్నం, గోనె పోగుల్లో ఇరుక్కుంటాయి. అందుకే టిష్యూ పేపర్ తడిపి, నీళ్లు కారకుండా పిండి, గింజలు పరిచి మడిచి మూత డబ్బాలో పెట్టాను.

నాలుగో రోజు పొద్దున్నే కాగితం పొట్లం గింజల్లో తెల్లటి వేర్లు! ఎంత సంతోషమైందో. వారం తిరిగేసరికి 19 మొలిచాయి, అంటే వందకు 76, బాపు లెక్క దాటినట్టే. ప్లాస్టిక్ కవర్‌వి నాలుగే, మిగతావి బూజు పట్టాయి. ఒకదానికి గోధుమరంగు మొద్దు వేరు వచ్చి ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోలేదు.

నీళ్లలో వేసి తేలినవి పారేయమని చాలామంది చెబుతారు. బంతికి అది నమ్మకండి. గింజ చివర ఎండుగడ్డి రంగు కుచ్చు ఉంటుంది, దానివల్ల మంచి గింజ కూడా తేలుతుంది.

బతుకమ్మలో పేర్చే ఇంకో పువ్వు పట్టుకుచ్చుల గింజలు మరీ చిన్నవి. అగ్గిపుల్ల కొస తడిపి ఒక్కొక్కటే అంటించుకుని పరవాల్సి వచ్చింది. 25లో 22 మొలిచాయి, అవి పోయినేడాది అక్క ఇచ్చినవి.

మొలిచిన బంతిని టిష్యూ ముక్కతో సహా చిన్న కుండీల్లో పెట్టాను. లాగితే వేరు తెగుతుంది. నారు ఎదగడానికి నెల, నాటాక పూతకు మరో నెల పైన పడుతుంది కాబట్టి ఇక ఆగేది లేదు. ఈ ఆదివారమే కాగితం పొట్లం గింజలతో నారుమడి పోస్తున్నాను.