ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించాలా, వద్దా: నా అనుభవం

నా కారుది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ ఇంజిన్. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత గ్యాసు ఏ ఇంజిన్‌లోనైనా క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు గదిలోకి) దిగుతూనే ఉంటుంది; దాన్ని పీసీవీ అనే వాల్వు ద్వారా తిరిగి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలోకి పంపుతారు, వెంట సన్నని ఆయిల్ తుంపర కూడా పోతుంది. ఆ తుంపరను దారిలోనే పట్టి ఉంచే చిన్న డబ్బాయే ఆయిల్ క్యాచ్ క్యాన్. ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) బండ్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనక చిమ్ముతుంది గనుక ఆ జిడ్డు చాలావరకు ఎప్పటికప్పుడు కడుక్కుపోతుంది. నా ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండరులో పడుతుంది కాబట్టి జిడ్డు వాల్వుల మీదే మాడి మసిగా పేరుకుంటుంది. మా నాన్నగారి ఎంపీఎఫ్ఐ కారుకు క్యాచ్ క్యాన్ అనవసరమని నేను వెంటనే తేల్చేయడానికి కారణం ఇదే.

వారంటీ ఉన్నంతకాలం నా బండి గొట్టాల జోలికి పోలేదు. రేపు ఏదైనా చెడితే క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటే చాలు. వారంటీ ముగిశాక మా మెకానిక్ చేత ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచేది) గొట్టం విప్పించి లోపల వేలు తిప్పితే నల్లటి పల్చని జిడ్డు అంటింది. "ఇంతమాత్రం టర్బో బండ్లన్నిటికీ ఉంటుంది సార్, కారుతుంటే భయపడాలి" అన్నాడు. ఆ మాట నిజమే. అయితే బోరోస్కోపు (సన్నని గొట్టం చివర ఉండే కెమెరా) దింపి చూస్తే వాల్వుల వెనక గరుకైన నల్లటి పొర కనిపించింది, అక్కడితో పెట్టించాలని నిశ్చయించుకున్నాను.

లోపల ఏమీ లేని ఖాళీ డబ్బాలో తుంపర గాలితోపాటే దాటిపోతుంది గనుక అడ్డుపలకలు, మెష్ ఉన్నదే కొన్నాను. పైన చిన్న ఫిల్టరు పెట్టి గ్యాసును బయటికి వదిలే రకాన్ని నేను ఏ బండికీ ఒప్పుకోను, ఆ గ్యాసు కలిసేది మనం పీల్చే గాలిలోనే. టర్బో ఇంజిన్‌లో ఇంకో చిక్కు ఉంది: బూస్టు (టర్బో గాలిని ఒత్తిడితో నెట్టడం) లేనప్పుడు ఈ గ్యాసు మానిఫోల్డులోకి (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లోకి), బూస్టు వచ్చినప్పుడు టర్బో ముందరి గొట్టంలోకి పోతుంది. నేను నడిపేది ఎక్కువగా హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే, అంటే చాలావరకు బూస్టు లేకుండానే, కాబట్టి మానిఫోల్డు దారిలోనే క్యాన్ బిగించాం.

వానాకాలంలో డ్రెయిన్ నట్టు విప్పితే పాలెక్కువైన కాఫీలాంటి ద్రవం ఘాటైన పెట్రోలు వాసనతో వచ్చింది. అందులో చాలా భాగం చల్లబడిన నీటి ఆవిరే. ఎండాకాలంలో తక్కువగా, నల్లగా, చిక్కగా వస్తోంది. క్యాన్ నిండిపోతే ఆ ద్రవాన్ని ఇంజిన్ లాగేసుకునే ప్రమాదం ఉంది కనుక సర్వీసు దాకా ఆగకుండా మధ్యలోనే ఖాళీ చేస్తున్నాను.

ముందే పేరుకున్న మసిని క్యాన్ తీయలేదు. దానికి మానిఫోల్డు విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టించాలి. నా వాల్వుల మీద పొర ఇంకా పల్చగానే ఉంది, అది మందమైతేనే ఆ ఖర్చు పెడతాను.