ఇనాంగావ్ పసిపిల్లలు

నేను పిల్లల పళ్ళ డాక్టర్ని. ఎక్స్‌రేలో చిగుళ్ళ కింద దాగున్న పళ్ళు చూడటమే నా రోజువారీ పని. పుట్టేనాటికే పాలపళ్ళ పైభాగాలు దవడలో కొంతవరకు తయారై ఉంటాయి. అందుకే తవ్వకాల్లో పసిబిడ్డ దవడ దొరికితే కొద్ది నెలల తేడాతో వయసు చెప్పేయొచ్చు. జ్ఞానదంతం వేరు పూర్తయ్యాక ఆ వీలుండదు. ఇక అరుగుదలే ఆధారం. రాతి మీద నూరిన గింజలు తిన్నవాళ్ళకి పళ్ళు తొందరగా అరిగిపోతాయి కూడా. పెద్దవాళ్ళ వయసు కచ్చితంగా ఇంత అని రాస్తే నాకు నమ్మబుద్ధి కాదు.

పుణె జిల్లాలో ఘోడ్ నది ఒడ్డునున్న ఇనాంగావ్‌ను దక్కన్ కాలేజీ వాళ్ళు 1968 నుంచి 1983 వరకు తవ్వారు. క్రీ.పూ. 1600-700 మధ్య అక్కడ రైతులుండేవారు. రెండు వందలకు పైగా సమాధులు బయటపడితే, ఎక్కువ భాగం చిన్నపిల్లలవే. బిడ్డను రెండు కుండల్లో పెట్టి, మూతికి మూతి కలిపి, ఇంటి నేల కిందే పాతిపెట్టేవారు. పెద్దవాళ్ళనైతే గోతిలో తల ఉత్తరానికి పెట్టి పడుకోబెట్టేవారు, చీలమండల దగ్గర పాదాలు నరికేసి! చనిపోయినవాళ్ళు దయ్యాలై నడిచిపోకుండా అలా చేశారని తవ్వినవాళ్ళ ఊహ.

ఇంతమంది పిల్లలా, ఏదైనా మహమ్మారి వచ్చిందా అనిపిస్తుంది. కానీ టీకాలు లేని కాలంలో పుట్టినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఏడాది నిండకుండానే పోయేవారు. నిజానికి అనుమానించాల్సింది పిల్లలు కనపడని శ్మశానాలను. హరప్పాలోని ఆర్-37 శ్మశానంలో దాదాపు అందరూ పెద్దవాళ్ళే. అంటే పసివాళ్ళను ఇంకెక్కడికో తీసుకెళ్ళారు. అదే ఊళ్ళో ఆ తర్వాతి కాలపు హెచ్ శ్మశానంలో పిల్లల్ని పూర్తి శరీరంతోనే కుండలో పెట్టారు. పెద్దవాళ్ళవి మాత్రం పుర్రె, కొన్ని ఎముకలు ఏరి పెట్టారు.

మనలో చాలామంది ఇప్పటికీ పళ్ళు రాని బిడ్డను కాల్చరు, పూడ్చిపెడతారు. పెద్దవాళ్ళు బూడిదై నదిలో కలిసిపోతారు. రేపెవరైనా మన నేల తవ్వితే, ఇక్కడ ఎవరూ పెద్దవాళ్ళు కాలేదనుకోవచ్చు.

ఇనాంగావ్‌లో ఈ వయసుల లెక్కకు లొంగని సమాధి ఒకటుంది. ఐదు గదుల ఇంటి వాకిట్లో, నాలుగు కాళ్ళ పెద్ద మట్టి కుండలో, కాళ్ళు మడిచి కూర్చోబెట్టిన మగమనిషి. పాదాలు అలాగే ఉన్నాయి. ఎదిగిన మనిషికి కుండ ఎందుకు? ఆ ఇంటికి గాదె కూడా ఉంది. ఊరి ధాన్యం అతని చేతిలో ఉండేదేమో, అందుకే వయసు నియమం అతనికి వర్తించలేదేమో అని నా నమ్మకం.