బేస్ వాళ్ళని పెదాలు మాత్రం కదపమన్నారు: నా అనుభవం

నిన్న రాత్రి మా ఊరి ఐక్య క్రిస్మస్ అయిపోయింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. చల్లారితే రాయబుద్ధి కాదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది గుంటూరు. కొన్ని సంఘాల క్వయర్లు కలిసి హాండెల్ అనే పాతకాలం పాశ్చాత్య సంగీతకర్త రాసిన 'హల్లెలూయ కోరస్'ని నాలుగు పార్టుల్లో, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు వరసల్లో పాడాలని వర్షాకాలంలోనే అనుకున్నారు. ఆడవాళ్ళు పాడే సొప్రానో (పై వరస), ఆల్టో (దాని కింది వరస) నేర్పడానికి నేనంటే నేనని ముందుకొచ్చారు. మగవాళ్ళు పాడే టెనర్ (పై వరస), బేస్ (అన్నిటికంటే కింది వరస) మాట ఎత్తేసరికి ఒక్కరూ పలకలేదు. స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని కదా, తెచ్చి నా నెత్తిన పెట్టారు.

మనుషుల్ని పోగు చేయడం సులువే. క్రిస్మస్ పాట అంటే కాదనేవాళ్ళుండరు, పైగా ప్రాక్టీసు అయ్యాక టీ, సమోసా. కాగితాలు జిరాక్స్ తీయించి, ఇంగ్లీషు మాటల్ని తెలుగు లిపిలో రాసిచ్చాను. హాలు తాళం మాత్రం కమిటీ పెద్ద ఒకాయన జేబులో ఉండేది. ఆయన ఎక్కడుంటాడో ఇంట్లోవాళ్ళకీ తెలిసేది కాదు. ఇలాంటి పని నెత్తికెత్తుకునేవాళ్ళు ముందు తాళానికి డూప్లికేట్ చేయించుకోండి, పాట సంగతి తర్వాత.

అసలు చిక్కేమిటంటే, మన సంఘాల్లో మగవాళ్ళు చిన్నప్పటినుంచీ ఒకే వరసలో పాడతారు. కీర్తన ఏదైనా ఆడవాళ్ళు పై స్థాయిలో, మగవాళ్ళు కింది స్థాయిలో, రాగం మాత్రం ఒకటే. అలాంటివాళ్ళని పక్కన సొప్రానోలు వేరే వరస పాడుతుంటే పట్టించుకోకుండా మీది మీరు పాడండి అంటే ఎలా? 'కింగ్ ఆఫ్ కింగ్స్' అన్నచోట సొప్రానోలు ఒక్కో స్వరాన్ని సాగదీసి పట్టుకుంటూ మెట్టు మెట్టుగా పైకెక్కుతారు. మావాళ్ళు కింద 'ఫరెవర్ అండ్ ఎవర్' అంటూ ఉండాలి. ఫోన్‌లో సొప్రానో వరస వినిపించి దానిమీద పాడించి చూస్తే, రెండో మెట్టుకల్లా అందరూ వాళ్ళతోపాటే ఎక్కేశారు.

నేను పాడి చూపిద్దామంటే ఇంకో తంటా. నా గొంతు వాళ్ళకంటే ఒక స్థాయి పైన ఉంటుంది. బేస్ వరస నా స్థాయిలో పాడితే కొందరు అదే ఎత్తుకి దొంగగొంతు పెట్టేవాళ్ళు, కొందరు "అంత పైకి మావల్ల కాదమ్మా" అని ఊరుకునేవాళ్ళు. యూట్యూబ్‌లో బేస్ పార్టు విడిగా పాడిన వీడియోలు ఉన్నాయి, వేగం 0.75కి తగ్గించి వినమన్నాను. కుర్రాళ్ళకి పనికొచ్చింది. పెద్దవాళ్ళు "ఆ తెల్లాయన గొంతు వింటే నిద్రొస్తోంది టీచరమ్మా" అన్నారు.

దారి చూపించింది మా హార్మోనియం మాస్టారు. డెబ్భై దాటాయి. మొదటిరోజే "ఇదేం పాట అమ్మాయ్, పాట కింద మోతలా ఉంది" అన్న మనిషి. ఒక సాయంత్రం శ్రుతిపెట్టె యాప్‌ని రెండు శ్రుతిలో పెట్టి, "మాస్టారూ, ఈ పాట ఉన్న డి మేజర్ అంటే మన రెండు శ్రుతి శంకరాభరణమే, బేస్ వరసకి స, ప, మ ఇవే గట్టి స్తంభాలు" అన్నాను. ఆయన కాగితం లాక్కుని ప్రతి మాట కింద పెన్సిల్‌తో స్వరాలు రాసుకున్నారు. "ముందే ఈ ముక్క చెప్పొచ్చుగా!" అని నన్నే తిట్టి, నిదానంగా పాడారు. ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పటినుంచీ నేను పాడి చూపించడం మానేశాను. ఆడవాళ్ళు బేస్ నేర్పాల్సొస్తే ఒక్క మగ గొంతు సంపాదించండి, సగం పని అయిపోతుంది. హాండెల్ 1741లో, ఈ పాట ఉన్న 'మెస్సయా' అనే పెద్ద సంగీత రచన మొత్తాన్ని 24 రోజుల్లో రాసేశాడట. అందులో నాలుగు నిమిషాల ముక్కకి మాకు నెలలు పట్టింది. అయినా పట్టుకున్నాం.

ఆ ధీమాతో అందరూ కలిసి పాడే ప్రాక్టీసుకి వెళ్ళాం. బయటినుంచి పిలిపించిన కండక్టర్, అంటే చేతిలో కర్ర ఊపుతూ అందరినీ కలిపి పాడించే మనిషి, వచ్చాడు. ఈ పాటలో 'అండ్ హి షల్ రేన్' అనే వరసని ముందుగా ఎత్తుకునేది బేస్. తర్వాత టెనర్, ఆల్టో, చివరికి సొప్రానో. అంటే ఆ క్షణంలో హాలంతా మావాళ్ళ నోటికేసి చూస్తుంది. కండక్టర్ చెయ్యి చూపించాడు. నలుగురు నాలుగు స్వరాలు ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు ఎత్తుకోనేలేదు. మళ్ళీ పాడించాడు, మళ్ళీ అంతే. కింది స్వరాల దగ్గర గొంతుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు. అప్పుడన్నాడు ఆ పెద్దమనిషి: "వెనక వరసవాళ్ళు పెదాలు కదిపితే చాలు, గొంతు తేవద్దు. బేస్ కీబోర్డులో వాయించేద్దాం." నావైపు తిరిగి, "మేడమ్, వీళ్ళకి అసలు నేర్పారా?" అని మైకులోనే అడిగాడు.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికెళ్ళిపోయారు. ఆయన వయసుకైనా మర్యాద ఇవ్వాలా వద్దా? చేతిలో కర్ర ఉన్న ప్రతివాడూ పాటకి యజమాని అనుకుంటాడు.

అందరూ వెళ్ళాక వైర్లు చుడుతూ కీబోర్డు స్క్రీన్ చూశాను. మూలన ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చేది) అని, పక్కన −4. పైనున్న 'ఎ' స్వరం అందట్లేదని సొప్రానోలు గొణిగితే, వాయించే కుర్రాడు ఎవరికీ చెప్పకుండా పాటని నాలుగు మెట్లు కిందికి దించేశాడు! ఇన్నాళ్ళూ డి మేజర్‌లో చెవికి పట్టించిన వరస బి ఫ్లాట్ శ్రుతికి దిగిపోయింది. అసలే కింద తిరిగే బేస్ ఇంకా కిందికి పోతే మనిషి గొంతు ఎక్కడినుంచి తేవాలి? ఆ −4ని ఫోటో తీసి కండక్టర్‌కి పంపాను. రెండు నీలం టిక్కులొచ్చాయి, జవాబు రాలేదు. ఫోటో మాస్టారికి కూడా చూపించి, బతిమాలి వెనక్కి తీసుకొచ్చాను.

తర్వాతి ప్రాక్టీసులో నేనే కీబోర్డు పక్కన నిలబడ్డాను, స్క్రీన్‌మీద సున్నా కనబడేదాకా మొదలుపెట్టనివ్వలేదు. సొప్రానోలు మూతులు ముడిచారు. అయినా ఎక్కారు. బేస్‌ని సొప్రానోల వెనకనుంచి తీసి టెనర్ పక్కన నిలబెట్టాను. ఎవరినీ అడగలేదు.

నిన్న రాత్రి పాట మొదలవగానే జనం లేచి నిలబడ్డారు. అప్పట్లో లండన్‌లో ఈ పాట విని రాజు లేచి నిలబడ్డాడని, అందుకే అందరూ లేస్తారని చెప్పే కథకి గట్టి ఆధారం లేదు, ఈ పాట అసలు 'మెస్సయా'లో క్రిస్మస్ భాగంలోదీ కాదు. అయినా మా ఊళ్ళో లేస్తారు, లేవనివ్వండి. 'అండ్ హి షల్ రేన్' దగ్గర మాస్టారు గడ్డం పైకెత్తారు, బేస్ మొత్తం ఒక్క గొంతుతో ఎత్తుకుంది. చివర ఆఖరి హల్లెలూయకి ముందు అందరూ ఆగాల్సిన చోటుంది. అక్కడ ఒక గొంతు ముందే 'హ' అనేసింది. అది మా వైపు గొంతు కాదని మాత్రం రాసి పెట్టుకోండి.

వందన సమర్పణలో సొప్రానోలకి, కీబోర్డుకి, సౌండ్‌వాళ్ళకి, తాళం పెద్దమనిషికి కూడా థాంక్స్ చెప్పారు. టెనర్, బేస్ ఊసే లేదు. మావాళ్ళకి అది వినబడలేదు కూడా. అప్పటికే బిర్యానీ లైన్‌లో ముందున్నారు.