ఓడ జాబితాలో ఇంటిపేరు ఉండదు

మా ముత్తాత తమ్ముడు ఒకాయన నేటాల్ వెళ్ళి తిరిగి రాలేదు. నేటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. అక్కడ బాగా సంపాదించి ఇంటిని మర్చిపోయాడని మా వాళ్ళు మూడు తరాలుగా తిడుతూనే ఉన్నారు. తిట్టేముందు కాగితాలు ఏమంటున్నాయో చూద్దామని నేను మొదలుపెట్టాను.

1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పట్నుంచి 1911 దాకా ఒప్పందం కూలీలుగా నేటాల్ వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది, అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే. ప్రతి ఓడకీ ఒక జాబితా ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు... అన్నీ రాశారు, మనకి ముఖ్యమైన ఇంటిపేరు తప్ప. విశాఖపట్నం జిల్లా అప్పడులూ అప్పన్నలూ ఎంతమందో! పైగా గుమాస్తా తన చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసుకున్నాడు. అందుకే పేరు పట్టుకుని వెతకడం దండగ అని నా అభిప్రాయం. తండ్రి పేరు, ఊరు కలిపి చూడాలి, ఆ తర్వాత ముందూ వెనకా నంబర్లు చూడాలి, ఎందుకంటే ఒకే ఊరి నుంచి కలిసి బయల్దేరినవాళ్ళు చాలాసార్లు పక్కపక్కనే ఉంటారు. మా ముత్తాత తమ్ముడి నంబరు ఇదేనని నాకు నమ్మకం కుదిరింది కూడా అలాగే, పక్క నంబరు మా వీధిలోని ఇంకో కుటుంబం వాళ్ళది.

ఇక్కడి రికార్డుల్లో వెతికితే ఏమీ దొరకలేదు. మాది జమీందారీ ఊరు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక, సర్వే సెటిల్‌మెంట్ (భూములు కొలిచి శిస్తు నిర్ణయించడం) జరిగాక గానీ రైతుల పేర్లు సర్కారు లెక్కల్లోకి రాలేదు. (తహసీల్దారు ఆఫీసులో బతిమాలే ముందు ఈ సంగతి తెలుసుకోండి, బోలెడు టైమ్ మిగులుతుంది.)

ఇక సంపాదన సంగతి. ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికో షిల్లింగు చొప్పున పెరుగుతుంది. 1895 చట్టం ప్రకారం గడువయ్యాక దారులు మూడే: తిరిగి ఓడెక్కడం (దానికి డబ్బులక్కర్లేదు), మళ్ళీ ఒప్పందం రాయడం, లేదంటే ఏటా 3 పౌన్ల పన్ను కట్టి ఉండిపోవడం. 3 పౌన్లంటే 60 షిల్లింగులు, అంటే ఆ కూలీకి నాలుగు నుంచి ఆరు నెలల జీతం! గాంధీ గారి సత్యాగ్రహం, 1913 సమ్మె, ఇవన్నీ జరిగాక 1914లో గానీ ఆ పన్ను పోలేదు. మా చిన్న ముత్తాత వెళ్ళింది ఆ చట్టం వచ్చాకే. ఈ లెక్కలో ఇంటికి డబ్బు పంపలేదని ఆయన్ని నిందించడం నాకైతే అన్యాయంగా అనిపిస్తోంది.

ఇదంతా మా పెదనాన్నగారికి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “సరే రా, తిరుగు ఓడకి డబ్బులక్కర్లేదన్నావు కదా, మరి ఎక్కలేదేం?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఓడ జాబితాలో దానికి జవాబు లేదు. అక్కడ భారతీయుల పెళ్ళిళ్ళు కూడా రిజిస్టరు చేసేవారు కాబట్టి ఇక ఆ పుస్తకాల్లో ఆయన నంబరు వెతకాలి. పెళ్ళయితే చేసుకునే ఉంటాడని మా పెద్దమ్మ అప్పుడే తేల్చేసింది.