జంప్‌సీట్‌లో చెక్ కెప్టెన్: లిస్బన్ నుంచి మదీరాకి

లిస్బన్ నుంచి మదీరా దీవిలోని ఫుంచల్‌కి విమానంలో సుమారు గంటన్నర. దారంతా అట్లాంటిక్ సముద్రమే. ఆ రోజు మా ఎయిర్‌బస్ 320లో ఎడమ సీట్లో కెప్టెన్, కుడి సీట్లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా నేను, మా వెనక జంప్‌సీట్ అనే అదనపు సీట్లో మమ్మల్ని పరీక్షించే ఒక చెక్ కెప్టెన్. ఏటా జరిగే లైన్ చెక్ అది. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పెట్టే పరీక్ష వేరు. అక్కడ ఇంజన్లు ఆగిపోతాయి, మంటలు వస్తాయి. లైన్ చెక్‌లో అలాంటివేవీ ఉండవు. రోజూ చేసే ప్రయాణాన్ని పద్ధతిగా చేస్తున్నామా లేదా అని వెనక కూర్చుని ఒకరు చూస్తారు, అంతే.

అయినా టెన్షన్ సిమ్యులేటర్ కన్నా దీనికే ఎక్కువ. చెక్ ఉందనగానే పైలట్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "వెనక ఎవరు?" అని. ఎందుకంటే ఒక్కో చెక్ కెప్టెన్‌కి ఒక్కో పట్టింపు. నేను ఎగిరిన వాళ్ళలో ఒకాయన, నేల మీద విమానం తిన్నగా పోతున్నప్పుడు 30 నాట్ల వేగ పరిమితి మీదే కళ్ళు పెట్టుకుని ఉండేవారు. 31 కాగానే గొంతు సవరించుకునేవారు. ఇంకొకాయనకి రేడియోలో "నైన్" అంటే కుదరదు, "నైనర్" అనాల్సిందే.

నా స్నేహితుడికైతే ఒకసారి ఇద్దరు వచ్చారు. ఒకరు వాణ్ని పరీక్షించడానికి, రెండోవారు ఆ పరీక్షించే ఆయన్ని పరీక్షించడానికి. పైకి ఎక్కుతుండగా ల్యాండింగ్ లైట్లు సరిగ్గా ఏ క్షణంలో ఆర్పాలనే దాని మీద వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. దిగేదాకా తెగలేదు. వీడూ వీడి కెప్టెనూ తమ పని తాము చేసుకుపోయారు. చివరికి రిపోర్ట్ రాయబోతే వెనకున్న ఇద్దరికీ రాయడానికి ఏమీ గుర్తులేదట. "సిబ్బంది ప్రశాంతంగా ఉన్నారు" అని రాసి సంతకం పెట్టారు. వాడు ఈ సంగతి చెప్తూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

మా వెనక కూర్చున్నాయన అందరికన్నా పేరు మోసిన మనిషి. బ్రీఫింగ్ గదిలోనే మొదలుపెట్టారు. లైసెన్సులు చూశారు, టార్చిలైట్లు వెలిగించి చూశారు. మా కెప్టెన్ మెడికల్ సర్టిఫికెట్‌లో కళ్ళద్దాలు పెట్టుకోవాలని, ఇంకో జత అందుబాటులో ఉంచుకోవాలని రాసి ఉంది. ఆవిడ ఆ రెండో జత తీసి చూపించారు.

"పెట్టుకోండి," అన్నారాయన.

ఆవిడ పెట్టుకున్నారు. ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఫుంచల్ వాతావరణ నివేదిక పట్టుకుని నిలబడి, "ఇప్పుడు మూడో వరుస చదవండి," అన్నారు. ఆవిడ గాలి వేగంతో సహా గడగడా చదివేశారు. "బాగుంది. పాత పవర్ అద్దాలు సంచీలో వేసుకుని తిరిగేవాళ్ళని చూశాను," అని ఆయన టిక్కు పెట్టుకున్నారు. పక్క బల్ల దగ్గరున్న పైలట్లు కాగితాల వెనక మొహాలు దాచుకున్నారు. నాకు మాత్రం ఆ మాట నచ్చింది. అద్దాలు ఉన్నాయా అని అందరూ అడుగుతారు, వాటితో కనిపిస్తుందా అని అడిగింది ఆయనొక్కరే.

విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడూ నా వెంట వచ్చారు. రెక్కల వెనక అంచున సన్నటి పుల్లల్లాంటివి ఉంటాయి, స్టాటిక్ డిశ్చార్జర్లు. ఎగిరేటప్పుడు విమానం ఒంటి మీద చేరే విద్యుత్తును గాలిలోకి వదిలేస్తాయి. లేకపోతే రేడియోలో గరగర ఎక్కువవుతుంది. ఈ రెక్కకి ఎన్నని అడిగారు. చెప్పాను. "లెక్క తెలియని వాడికి ఒకటి ఊడిపోయిందని ఎలా తెలుస్తుంది?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆయన అన్నది నిజం.

రన్‌వే దగ్గరికి చేరాక నేను రేడియోలో "రెడీ ఫర్ డిపార్చర్" అన్నాను. వెనక నుంచి సంతృప్తిగా ఒక "ఊఁ" వినిపించింది. టేకాఫ్ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో వాడకూడదు. ఇదొక చాదస్తంలా కనిపిస్తుంది గానీ, ఈ నియమం పుట్టింది ఒక ప్రమాదం నుంచి. మేం వెళ్తున్న మదీరాకి దక్షిణంగా అదే సముద్రంలో ఉన్న టెనెరిఫే దీవిలో 1977 మార్చి 27న పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన విమానంలో కెప్టెన్ తన సంస్థలో 747 శిక్షణకి పెద్ద. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్‌కి 747 అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే, అంతకు రెండు నెలల ముందు. తనని పాస్ చేసిన మనిషిని గట్టిగా ఆపడం ఎంత కష్టమో నేను కుడి సీట్లో కూర్చున్న ప్రతిసారీ అనుకుంటాను. అందుకే చెక్ కెప్టెన్ల మీద జోకులు మా అందరికీ అవసరమని నా గట్టి నమ్మకం. ఎవరి గురించి హాయిగా నవ్వుకోగలమో వాళ్ళకి "ఆగండి" అని చెప్పడానికి నోరు పెగులుతుంది.

సముద్రం మీద ప్రయాణం సాఫీగా సాగింది. ఆయన అసలు పట్టింపు అక్కడ బయటపడింది. ఒకరు చదివింది రెండోవారు చూశాక మేం "చెక్" అంటాం. ఆయనకి అది పనికిరాదు. "చెక్ అంటే చూడమని చెప్పడం. చెక్డ్ అంటే చూశానని చెప్పడం. మీరు చూశారా, నన్ను చూడమంటున్నారా?" ఇంధనం చూసి ఆవిడ "చెక్" అంటే వెనక నుంచి "డ్" అని వచ్చేది. నేను "చెక్" అన్నా "డ్". కాసేపటికి మేమిద్దరం "చెక్" అని ఆగి, ఆ "డ్" వచ్చేదాకా ఎదురుచూడటం మొదలుపెట్టాం. ఆయన కూడా గమనించి ఫక్కున నవ్వేశారు.

కిందికి దిగుతుండగా ఆయన స్టెరైల్ కాక్‌పిట్ గురించి అందుకున్నారు. 10,000 అడుగుల కింద పనికి సంబంధం లేని మాట ఒక్కటీ మాట్లాడకూడదనే నియమం. అమెరికాలో 1981లో వచ్చింది, తర్వాత మిగతా చోట్లకీ పాకింది. దాని పుట్టుక ఆయన ఎంతో ఇష్టంగా చెప్తున్నారు. "1974లో షార్లట్ దగ్గర దిగుతున్న ఒక విమానంలో పైలట్లు ఎత్తు చూసుకోకుండా రాజకీయాల గురించి, పాత కార్ల గురించి..."

"టెన్ థౌజండ్, కెప్టెన్," అన్నారు మా కెప్టెన్, తల తిప్పకుండా, చాలా మర్యాదగా.

వెనక మాట సగంలో తెగిపోయింది.

ఫుంచల్‌లో దిగేటప్పుడు నిజంగానే నిశ్శబ్దం కావాలి. అక్కడ దిగడానికి కెప్టెన్లకి ప్రత్యేక శిక్షణ ఉంటుంది. గాలి పరిమితులు సలహాలు కావు, తప్పనిసరి. దాటితే దిగకూడదు. పక్క దీవి పోర్టో శాంటోకి పోవాలి, లేదా వెనక్కి తిరగాలి. 05 అనే రన్‌వే మీద దిగాలంటే ముందు కొండ వైపు పోతాం. ఇళ్ళు, మలుపుల రోడ్లు అద్దం నిండా వచ్చేస్తాయి. చివర్లో కుడికి వంగుతూ రన్‌వేకి ఎదురుగా రావాలి. ఒకప్పుడు ఆ రన్‌వే 1,600 మీటర్లే. అదే 1977 నవంబర్‌లో వానలో ఒక బోయింగ్ 727 దాని చివర దాటిపోయి 131 మంది చనిపోయారు. 2000లో దాన్ని 2,781 మీటర్లకి పెంచారు. స్థలం లేక సముద్రపు ఒడ్డున ఎత్తైన స్తంభాలు లేపి, వాటి మీద రన్‌వే కట్టారు. ఆవిడ విమానాన్ని వంచి ఆ కాంక్రీటు మీద సరిగ్గా కూర్చోబెట్టే వరకు నేను వేగం, ఎత్తు, గాలి చెప్తూనే ఉన్నాను. అంత అందమైన ల్యాండింగ్ పక్కనుంచి చూడటం నా అదృష్టం.

స్టాండ్‌లో ఆగాం. ఇంజన్లు ఆపాం. చెక్‌లిస్ట్ చివరి వరుసకి నేను "చెక్డ్" అన్నాను. అప్పుడు వెనక నుంచి గొంతు లేచింది: "...మాట్లాడుకుంటూ ఉన్నారు."

ముగ్గురం నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయన తన ఫారంలో ఏం రాశారో తర్వాత చూపించారు: "స్టెరైల్ కాక్‌పిట్ నియమం సిబ్బంది పాటించారు. పరీక్షకుడు ఉల్లంఘించబోగా కెప్టెన్ సరైన సమయంలో ఆపారు." ఆ ఒక్క వాక్యంతో ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది.

తిరుగు ప్రయాణంలో విమానం నడిపింది నేను. పైకి చేరాక ఆయన నన్ను హెడ్‌సెట్ ఒక చెవి మీంచి పక్కకి జరుపుకోమన్నారు. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. ఎందుకని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "నాకు నేర్పినాయన చెప్పారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు," అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

కొన్ని వారాలకి మెసేజ్ వచ్చింది. వెనకటి విమానాల్లో ఇంటర్‌కమ్ సరిగ్గా ఉండేది కాదట. పక్కవాడి మాట నేరుగా వినడానికి ఒక చెవి ఖాళీగా ఉంచుకునేవారట. "మన విమానంలో ఆ అవసరం లేదు కాబట్టి ఇకమీదట ఎవరినీ అడగను," అని రాశారు. దాని కిందే ఇంకో వరుస: "చెక్డ్ విషయంలో మాత్రం రాజీ లేదు."

"చెక్" అని జవాబిచ్చాను. నిమిషం తిరక్కుండా ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క అక్షరం వచ్చింది.