రెండున్నర గ్రాముల వంట సోడా: నా అనుభవం

మొత్తానికి సోడా లెక్క తేలింది. క్లాసులో మేడమ్ దీని గురించి అడిగితే జవాబివ్వకపోగా నవ్వులపాలు చేశారన్న కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

బేకింగ్ క్లాసులో ఇచ్చిన కాగితంలో పెరుగుతో చేసే ఎగ్‌లెస్ కేక్‌కి కిలో మైదా, 10 గ్రాముల సోడా అని ఉంది. ఇంట్లో పావు కిలోకి చేద్దామంటే సోడా రెండున్నర గ్రాములు. మైదా, పంచదార తూకం నిమిషంలో అయిపోయాయి. సోడా దగ్గరే తిరకాసు.

మా కిచెన్ కాటా గ్రాము కంటే తక్కువ చూపించదు. రెండో, మూడో అంటుంది, మధ్యలో ఏమీ లేదు. పైగా చెంచా అంచు తడుతూ కొంచెం కొంచెంగా రాలిస్తే అంకె సున్నా మీదే కూర్చుంది. ఇంకాస్త వేస్తే ఒక్కసారిగా 2. గిన్నె తీసి మళ్ళీ పెడితే 4! ఇలాంటి కాటాలు చాలావాటికి నెమ్మదిగా పడే చిన్న బరువు బరువుగానే ఆనదు, దాన్నే సున్నా చేసుకుంటాయి.

క్లాసులో మేడమ్‌ని అడిగా. అందరి ముందూ, "టీస్పూన్ అంటే 5 ఎంఎల్, అంటే 5 గ్రాములు. ఇంతదానికి ఇంత బుర్ర బద్దలు కొట్టుకోవాలా అమ్మా? సైన్సు టీచరువా ఏంటి?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. "మేడమ్, ఎంఎల్, గ్రాము ఒకటే అయ్యేది నీళ్ళకి కదా" అన్నాను. "నువ్వు కేక్ చెయ్, థీసిస్ రాయకు" అన్నారు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ అని చెప్పలేదు. చెప్పాల్సింది! ఫీజు తీసుకున్నాక ప్రశ్నకి జవాబివ్వడం కూడా అందులో భాగమే కదా.

ఇంటికొచ్చి ముందు నా కొలత టీస్పూన్‌ని పరీక్షించా. పిల్లల సిరప్‌తో వచ్చిన సిరంజితో 5 ఎంఎల్ నీళ్ళు పోస్తే అంచుదాకా నిండింది, కాబట్టి నమ్మొచ్చు. మీ ఇంట్లో టీ కలిపే చెంచాని మాత్రం నమ్మకండి, ఒక్కోటి ఒక్కో లోతు. తర్వాత సోడాని ఉండలు లేకుండా జల్లించి, చెంచా నింపి, చాకు వీపుతో పైన చదును చేసి, పది చెంచాలు ఒకే గిన్నెలో వేసి తూచా. 46 గ్రాములు. అంటే చెంచాకి 4.6. అర టీస్పూన్ 2.3, పావు టీస్పూన్ గ్రాము పైచిలుకు. నా రెండున్నర గ్రాములకి అర టీస్పూన్, పైన చిటికెడు.

గోపురంలా తీసిన చెంచాతో ఈ లెక్కంతా గల్లంతే, సోడా దాదాపు రెట్టింపు పడొచ్చు. పెరుగులో పులుపు అయిపోయాక మిగిలిన సోడా కేక్‌కి సబ్బు రుచి తెస్తుంది, రంగు కూడా ముదురుతుంది. మా అత్తయ్య చిటికెడుతోనే బజ్జీలు అద్భుతంగా వేస్తారు, అది వేరే విద్య.

సోడా మరీ ఎక్కువ కావాలంటే డబ్బానే కాటా మీద పెట్టి, సున్నా చేసి, చెంచాలతో తీస్తూ పోండి. మైనస్‌లో కనిపించేదే మీరు తీసిన బరువు. బేకింగ్ పౌడర్‌కి మాత్రం ఈ 4.6 వాడొద్దు. అందులో పిండిపదార్థం కూడా కలుస్తుంది, బరువు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. దానికి విడిగా పది చెంచాలు తూచుకోవాల్సిందే.