తీయకపోతే ఏమవుతుంది?

"గర్భసంచి తీసేయాలి, బుధవారం చేసేద్దాం" అని చిత్తూరులో నేను చూపించుకున్న డాక్టరమ్మ చెప్పినప్పుడు నా వయసు 41. స్కానింగ్ తీసి పది నిమిషాలు కూడా కాలేదు. గర్భసంచి గోడలో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందట. "ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇంక దాంతో ఏం పని? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఆ మాటకు నా కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. మా ఆయన అడ్వాన్స్ కట్టడానికి లేచారు.

నా బాధ అబద్ధం కాదు. ఏడాదిగా నెలసరి పది రోజులు దాటేది. రాత్రిపూట పాత చీర నాలుగు మడతలు వేసి పరుచుకుని పడుకునేదాన్ని. తెల్లవారుజామునే దాన్ని ఉతికి, ఎవరూ లేవకముందే మేడ మీద ఆరేసేదాన్ని. ఉన్నవి పద్నాలుగు మెట్లు. సగం ఎక్కేసరికి ఆయాసంతో కూలబడేదాన్ని. హిమోగ్లోబిన్ 7.2.

నన్ను ఆపింది మా చిన్నమ్మ. ఆమెకు 36 ఏళ్లకే గర్భసంచితో పాటు రెండు ఓవరీలూ (హార్మోన్లు తయారుచేసే అండాశయాలు) తీసేశారు. అప్పటి నుంచి ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం. యాభై నిండకముందే బాత్రూమ్‌లో చిన్నగా జారితే మణికట్టు విరిగింది. "తీసేశాక మళ్లీ పెట్టేది లేదు కదే, ఇంకొకరికి చూపించు" అని నా చెయ్యి వదల్లేదు.

తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాం. ఓపీ చీటీకే గంటన్నర పట్టింది. అక్కడి మేడమ్ స్కానింగ్ కవరు పక్కన పెట్టి, ముందు నన్ను అడిగారు. ఎన్ని రోజులవుతోంది, గడ్డలు గడ్డలుగా పోతోందా, ఆయాసం ఉందా అని. నేను చీటీ మీద ఒకే ప్రశ్న రాసుకెళ్లాను. తీయకపోతే ఏమవుతుంది?

"చూడమ్మా, ఇది ఫైబ్రాయిడ్‌లా ఉంది, అంటే గర్భసంచి కండలో పెరిగే గడ్డ. ఇలాంటివి క్యాన్సర్ కావడం చాలా అరుదు. ముట్లు ఆగిపోయాక చాలామందికి వాటంతటవే చిన్నవవుతాయి. కానీ నీకు ఇంత బ్లీడింగ్ అవుతోంది కాబట్టి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపాలి. రిపోర్టు తేడాగా వస్తే ఆపరేషన్ చేయించుకోమని నేనే చెప్తా" అన్నారు.

నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆ పరీక్ష చేయకుండానే క్యాన్సర్ పేరు ఎత్తి నన్ను ఎందుకు భయపెట్టారు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేశారు. అందులో అవసరమై తీసినవీ ఉంటాయి. మా చిన్నమ్మ ఆ వయసు దాటిపోయింది కాబట్టి ఆ లెక్కలోకి కూడా రాదు.

ముక్క తీసేటప్పుడు రెండు నిమిషాలు ప్రాణం పోయినంత నొప్పి. రిపోర్టు వచ్చేదాకా ఎనిమిది రోజులు అన్నం సహించలేదు. క్యాన్సర్ లేదు అన్నారు. రక్తం కోసం ఐరన్ సెలైన్‌లు ఎక్కించారు, బ్లీడింగ్ తగ్గడానికి గర్భసంచిలో హార్మోన్ ఉన్న లూప్ వేశారు. మొదటి మూడు నెలలూ కొంచెం కొంచెం కనిపిస్తూనే ఉంటే తప్పు చేశానేమోనని టెన్షన్ పడ్డాను. అలా ఉంటుందని మేడమ్ ముందే చెప్పారు. ఐదో నెలకు రెండు రోజుల మరకలకు తగ్గింది. హిమోగ్లోబిన్ 11.4. గడ్డ అలాగే ఉంది, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి.

పోయిన వారం చిన్నమ్మ తన పాత ఫైలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. ఈసారి నాతో పాటు తనూ తిరుపతి వస్తుందట, ఎముకల పరీక్ష చేయించుకోవడానికి.